రెండు కన్నుల బావి

నదులు లేని దేశమును మీరెన్నడైన నూహించితిరా? మనకు గోదావరి కలదు, కృష్ణ కలదు, పెన్న కలదు, తుంగభద్ర కలదు. నది దూరమైన యూరికి చెఱువు, చెఱువు చాలని యూరికి దిగుడుబావి కలదు. పర్వస్నానమునకు నది, బట్టలకు చెఱువు, వంటకు మంచినీళ్ల నూయి అని మన పూర్వపు గృహిణులు నీళ్లను సహితము వరుసపెట్టి వాడుకొనిరి. కాని మెక్సికో దేశమునకు తూర్పున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన యూకతాన్ అను ద్వీపకల్పమున, ఉత్తరభాగమంతయు వెదకినను నేలపై పాఱు నది కానరాదు. వానలు లేక కాదు. వానలు చక్కగానే కురియును. కురిసిన నీరంతయు రాతి పగుళ్లలో నింకి పాతాళమునకు పోవును. ఆ పాతాళజలమును మనుష్యులకు చూపుటకై భూమి తానే నోరు తెఱచినట్లు అక్కడక్కడ గుండ్రని బావులు వేలకొలది యున్నవి. వానిని ఎవరును త్రవ్వలేదు, ఎవరును ఒరలు దింపలేదు. అచ్చటి పూర్వనివాసులగు మాయాజాతివారు వానిని త్సోనోత్ అనిరి. స్పెయినువారు వచ్చి, ఆ మాట తమ నోట తిరుగక, సెనోతే అనిరి. ఆ పేరే లోకమున నిలిచినది.

నేడు ఈ బావులలో ఈదుటకును, కన్నులకు గాజుముసుగు తగిలించుకొని నీటి క్రింది వింతలు చూచుటకును దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు. మేమును అట్లే వేడుకకు పోయితిమి. అయితే ఆ బావులు వేడుకకు మాత్రమే కావనియు, ఆ దేశపు సంసారములన్నిటికిని త్రాగునీటి కుండలు అవియే యనియు అచ్చట కన్నులార చూచి తెలిసికొంటిని. ఆ సంగతిని తోడి గృహిణులకు చెప్పుటకే ఈ వ్యాసము.

ప్రయాణము

మా పెద్దకుమార్తె కాపురము అమెరికాలో టెక్సాసు రాష్ట్రమునందలి డల్లాసు నగరమున. అచ్చట తెలుగు కుటుంబములు వేలసంఖ్యలో కలవు. చలికాలపు సెలవులు రాగానే అచ్చటివారిలో పలువురు వెచ్చదనమునకై మెక్సికో తీరమునందలి కాన్‌కూను పట్టణమునకు పోవుచుందురు. డల్లాసునుండి విమానముపై సుమారు మూడు గంటల దారి. కాన్‌కూను పాత పట్టణము కాదు. 1970 ప్రాంతమున యాత్రికుల కొఱకే కట్టనారంభించినది. తెల్లని యిసుక, నీలపు కడలి, ఆకాశమంటు పూటకూళ్ల మేడలు — అంతియే. రెండు దినములు కడలిని చూచి, మూడవనాటి యుదయమున దక్షిణముగా తూలూము పోవు బాట పట్టితిమి. ఆ బాట సుమారు 130 కిలోమీటర్లు. ఇరుప్రక్కల పొట్టి చెట్ల యడవి. కొండ లేదు, గుట్ట లేదు.

గంటకు పైగా పోయిన పిమ్మట నా మనుమరాలు, “అమ్మమ్మా! ఇంత దూరము వచ్చితిమి గదా, ఒక్క యేఱైనను దాటలేదేమి?” అని యడిగినది. మన దేశమున అంత దూరము పోవునప్పుడు ఎన్ని వాగులు, ఎన్ని కాలువలు, ఎన్ని వంతెనలు దాటుదుము! “ఏఱు లేకపోలేదమ్మా, మన బండి చక్రముల క్రిందనే పాఱుచున్నది” అని మా అమ్మాయి చెప్పినది. అది చమత్కారము కాదు. ఆ యడవి క్రింద నిజముగా నీటి సొరంగములు పాఱుచున్నవి. సాక్ ఆక్తూన్, అనగా తెల్లగుహ, అను నీటిగుహయు మేము చూడబోవు బావి క్రింది గుహయు ఒక్కటియే యని 2018లో ఈతగాండ్రు కనుగొన్నపుడు, రెండును కలిసి 347 కిలోమీటర్ల పొడవని లెక్కతేలినది. భూమి క్రింద చీకటిలో నీటితో నిండి అంత దూరము సాగిన దారిని తలచుకొనుడు!

భూమి నోరు తెఱచిన విధము

ఈ బావులు పుట్టిన విధము, తమలపాకునకు సున్నము రాయుట యెఱిగిన మనకు సులభముగనే బోధపడును. యూకతాన్ నేలయంతయు సున్నపురాయి. పూర్వమొకప్పుడు అది సముద్రగర్భము. గవ్వలు, పగడపు పురుగులు మొదలగు జలప్రాణుల చిప్పలు లక్షల యేండ్లు పేరుకొని రాయియైనవి. వాననీరు గాలిలోనుండి దిగునప్పుడును, ఆకులు క్రుళ్లిన మంటిలోనుండి యింకునప్పుడును బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొంచెము పులుపెక్కును. సోడానీటిలో బుడగలై పొంగునది ఆ వాయువే. ఆ స్వల్పపు పులుపు మన నాలుకకు తెలియదు గాని సున్నపురాతికి తెలియును. చుక్కవెంట చుక్కగా, ఏటివెంట నేడుగా ఆ నీరు రాతిని కరగించి సందులు చేసినది. సందులను సొరంగములు చేసినది. సొరంగములను మండపములవంటి గుహలు చేసినది. గుహ పెరిగిన కొలదిని పైకప్పు పలుచనై కడపట కూలగా, క్రిందినీరు బయలుపడినది. కప్పు పూర్తిగా కూలినచోట కోనేరువలె విశాలమైన బావియైనది. నడుమ కొంచెము మాత్రమే కూలినచోట ఇఱుకు మూతియు పెద్ద కడుపును గల కూజావలె నున్నది.

ఇట్టి పని మన దేశమునను జరిగియున్నది. నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల చేరువ నున్న బెలూం గుహలను మీలో పలువురు చూచియే యుందురు. వాని పొడవు 3,229 మీటర్లు. బిలము అను మాటనుండియే బెలూం అను పేరు వచ్చెనందురు. లోన పాతాళగంగ యను నీటిచోటు కలదు. మన యింటి నేలకు పఱచు నాపరాయియు సున్నపురాతిలో నొక భేదమే. కావున యూకతాన్ బావికి, మన కడప కర్నూలు సీమల రాతికి బంధుత్వము లేకపోలేదు. బెలూంలో మనము నడచి తిరుగుదుము. అచ్చట ఈది తిరుగవలెను. అంతియే భేదము.

మఱియొక వింత వినుడు. ఉత్తర యూకతానులో పెక్కు బావులు వంచిన విల్లువలె నొక్క వరుసలో నున్నవి. ఆఱు కోట్ల అఱువది లక్షల యేండ్ల క్రిందట ఆకాశమునుండి యొక మహాశిల, నేటి చిక్‌షులూబ్ గ్రామము చేరువను పడెననియు, ఆ దెబ్బకు సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి యేర్పడెననియు శాస్త్రజ్ఞులు తేల్చిరి. రాక్షసిబల్లులు నశించుటకు అదియే ముఖ్యకారణమని యెక్కువమంది మతము. ఆ గొయ్యిని కాలక్రమమున సున్నపురాతి పొరలు కప్పివేసినవి. కాని దాని యంచు పైనున్న రాయి పగుళ్లువాఱి, బావులు ఆ యంచు వెంబడి వరుసకట్టినవి. కంటికి కానరాని గొయ్యికి బావులే సరిహద్దు రాళ్లైనవి.

బావిలో దిగుట

మేము చూచిన బావి పేరు దోస్ ఓహోస్. స్పానిషు భాషలో రెండు కన్నులని దాని యర్థము. తూలూము ఇంక సుమారు 20 కిలోమీటర్లున్నదనగా పెద్దబాటను విడిచి అడవిలోనికి మఱలవలెను. ప్రక్కప్రక్కనే రెండు గుండ్రని బావులు. లోన నొక్క గుహ రెంటిని కలుపును. పైనుండి చూచినచో భూమి యాకాశమువైపు రెండు కన్నులు తెఱచి చూచుచున్నట్లే యుండును.

దిగుటకు మున్ను ప్రతివారును నీళ్లు పోసికొనవలెనని నియమము. ఎండ సోకకుండ పూసికొను లేపనములు, దోమల మందులు, అత్తరులు, పౌడరులు ఏవియు శరీరముపై నుండరాదు. గుడిలోనికి పోవునప్పుడు కాళ్లు కడిగికొనుట యెఱిగిన మనకు ఈ నియమము క్రొత్తగా తోచదు. ద్వారమున రొట్టెలమ్ము మాయాజాతి యవ్వను మా అమ్మాయి స్పానిషులో, “ఇంత కట్టుబాటెందుకు?” అని యడుగగా, ఆమె నవ్వి, “అమ్మా, మీరు ఈదునది మేము త్రాగునది” అని బదులు చెప్పినది. ఆ దినమున నేను వినిన మాటలలో ఇంతకంటె విలువైనది లేదు.

కొయ్యమెట్లపై దిగితిమి. ఎండ తీవ్రత మెట్టుమెట్టునకు తగ్గి చల్లదనము తాకినది. గట్టున నున్న చెట్ల వేళ్లు రాతిని చీల్చుకొని నీటివఱకు త్రాళ్లవలె వ్రేలాడుచున్నవి. అవి మఱ్ఱిజాతి చెట్లే. ఆ వేళ్లు మన మఱ్ఱియూడలకు తోబుట్టువులు. ఇట్టి బావుల గోడలలో తోహ్ అను నీలిరెక్కల పిట్ట గూడు పెట్టును. దాని తోకకొనను రెండు చిన్న విసనకఱ్ఱలు కట్టినట్లుండును. అడవిలో ఆ పిట్ట యెగిరిన దిక్కున నీరున్నదని పూర్వులు గుర్తుపట్టెడివారట.

నేను చిన్ననాడు మా యూరి మోటబావిలో, నడుమునకు ఎండిన సొరకాయబుఱ్ఱలు కట్టుకొని ఈత నేర్చితిని. పండ్రెండేండ్లు దాటగానే ఆడుపిల్లకు దుముకులాట లేమని పెద్దలు మాన్పించిరి. మా తరపు స్త్రీలలో ఇట్లు ఈత నేర్చి విడిచినవారు కొందఱు. నేర్వనే నేర్వనివారు పెక్కుమంది. ఏబదియేండ్ల పిమ్మట మరల నీటిలో నడుగిడితిని. చేతులును మోకాళ్లును కప్పు నీటియుడుపు తొడిగికొని, దానిపై లైఫుజాకెట్టు కట్టుకొంటిని. నీరు వెచ్చనయు కాదు, వణకించు చల్లనయు కాదు. ఏడాది పొడుగున సుమారు 24, 25 డిగ్రీలుండునట. కాళ్లు మఱచిన విద్యను నీరు మఱవలేదు. రెండు మూరలు పోవునప్పటికి ఊపిరి కుదుటబడినది.

స్నార్కెల్ అనునది కష్టమైన పరికరము కాదు. కన్నులును ముక్కును కప్పు గాజుముసుగొకటి, నోట కఱచుకొను వంపు గొట్టమొకటి. బోరగిల తేలుచు ముఖమును నీట ముంచియుంచినను, గొట్టము కొన పైనుండుటచే నోటితో గాలి పీల్చుకొనవచ్చును. ముక్కుతో ఊపిరి తీయు నలవాటును కొంచెముసేపు మానుటయే కష్టము. గొట్టములో నీరు చేరినచో గట్టిగా నూదిన పోవును.

ముఖము ముంచిన క్షణమున నాకు వెఱపు కలిగినది. ఏలన, నీరున్నట్లే తోచలేదు. బురద లేదు, పాచి లేదు. ఎత్తైన మేడ కప్పునుండి వీథిలోనికి తొంగిచూచినట్లు క్రింది రాళ్లన్నియు స్పష్టముగా కానవచ్చినవి. బావిమూతినుండి సూర్యరశ్మి నీటిలోనికి నిట్టనిలువు స్తంభములవలె దిగినది. ఆ వెలుగులో వెండిరంగు చిఱుచేపలు తిరుగుచున్నవి. ఇంకను లోపల, గుహ కప్పునుండి సున్నపురాతి యూడలు వందలకొలది దిగియున్నవి. నేలనుండి మొలచిన స్తంభములు వానికి ఎదురు నిలిచినవి. నీట మునిగిన వేయికాళ్ల మండపము వంటిది. మాకు చాల క్రిందుగా, వీపున గాలిడబ్బాలు మోయుచు పోవు ఈతగాండ్ర దీపములు మిణుగురులవలె మెఱసి చీకటిలో నడగినవి. రెండవ కంటిలోనికి పోవునప్పుడు నీటికిని కప్పునకును నడుమ తల యెత్తుకొను చోటు మాత్రమే యుండును. అచ్చట గబ్బిలములు తలక్రిందులుగా నిద్రించుచుండగా నా మనుమరాలు నా చేయి విడువలేదు.

ఈ బావులలో పైనుండునది తియ్యని నీరు. చాల లోతునకు పోయినచో దాని క్రింద సముద్రమునుండి చొచ్చుకొనివచ్చిన ఉప్పునీరుండును. ఉప్పునీరు బరువు గనుక అడుగుననే యుండును. రెండును కలియు పొరయందు నూనెమఱక వంటి మసక కనబడునని లోతు ఈతగాండ్రు చెప్పుదురు. అనగా ఆ దేశపు త్రాగునీరు, ఉప్పునీటిపై తేలుచున్న యొక పొర మాత్రమే. పాలపై మీగడవంటిది, తోడి పాఱబోసినచో క్రిందనున్నది ఉప్పు.

పండ్రెండువేల యేండ్లనాటి బాలిక

నీటిలో మునిగిన ఆ రాతియూడలు ఒక పాతకథను చెప్పుచున్నవి. అట్టి యూడ నీటిలో పుట్టనేరదు. సున్నపునీరు గాలిలో చుక్కచుక్కగా జాఱి, చుక్కకొక పొరగా సున్నము మిగిలిననే అది పెరుగును. కావున ఈ గుహలు ఒకప్పుడు పొడిగా నుండెను. మంచుయుగమున లోకపు నీటిలో కొంత భాగము మంచుగడ్డలై నిలిచినందున, సముద్రము నేటికంటె సుమారు 120 మీటర్లు క్రిందుగా నుండెడిది. అప్పుడు ఈ గుహలలో మనుష్యులు నడచిరి.

నడచిరనుటకు సాక్ష్యము దొరకినది. 2007వ సంవత్సరమున ముగ్గురు ఈతగాండ్రు, ఈ ప్రాంతమునందే ఓయో నెగ్రో, అనగా నల్లగొయ్యి, అను లోతైన నీటిగుహలో నలువది మీటర్లకు మించిన లోతున ఒక మనుష్యుని కపాలమును, ఎముకలను చూచిరి. చుట్టును నేడు లోకమున లేని యేనుగుజాతి మృగముల యెముకలును, కత్తికోఱల పులి యెముకలును పడియున్నవి. పరిశోధించి 2014లో ప్రకటించిన దేమనగా, అది పదునైదు పదునాఱేండ్ల బాలిక యస్థిపంజరము. ఆమె పండ్రెండువేల యేండ్లకు ముందు బ్రతికినది. అమెరికా ఖండములలో అంత పూర్వపు మానవుని యెముకలు అంత పూర్తిగా దొరకుట మిక్కిలి యరుదు. గ్రీకుల జలదేవతల పేరునుబట్టి ఆమెకు నాయియా అని పేరిడిరి. చాలినంత తిండి లేక గడపిన దినముల గుర్తులు ఆమె యెముకలలో నున్నవి. ఆ వయసునకే ఒక బిడ్డను కనియుండునని పరిశోధకుల యూహ. నీటికై వెదకుచు చీకటిగుహలో ప్రవేశించి, కానరాని గొయ్యిలో పడి, నడుమెముక విఱిగి మరణించియుండును.

ఈ కథ చదివినప్పటినుండి నాకు ఆ బాలికయే మనసున మెదలుచున్నది. రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు పుస్తకములలో నుండును. కాని ఆ ఖండపు చరిత్రలో మనకు దొరకిన తొలి ముఖములలో నొకటి, నీటికై పోయిన యొక ఆడుపిల్లది.

కడవ మోసినవారు

ఆమె తరువాతను ఆ దేశపు స్త్రీల బ్రతుకు నీటితోనే ముడివడినది. కాంపేచే రాష్ట్రమున బోలోన్‌చేన్ అను నూరు కలదు. తొమ్మిది నూతులని ఆ పేరున కర్థము. ఏటిలో కొన్నినెలలు ఆ నూతులు వట్టిపోగా, జనులు దగ్గఱి గుహలోనికి దిగి నీళ్లు తెచ్చుకొనెడివారు. ఆ గుహ పేరు దాగిన స్త్రీ యని. 1840 దశకపు మొదట అమెరికా యాత్రికుడు జాన్ లాయిడ్ స్టీఫెన్సు, ఆంగ్ల చిత్రకారుడు ఫ్రెడరిక్ కాథర్‌వుడ్ దానిని చూచి వర్ణించిరి. దూలములు కట్టి చేసిన మహా నిచ్చెనమీద బారులుగా జనులు నీటిబరువు మోయుచు ఎక్కుచు దిగుచుండుట కాథర్‌వుడ్ గీసిన బొమ్మలో నేటికిని చూడవచ్చును. బిందె నీటికి ఎన్ని మెట్లో లెక్కించుకొన్నవారికి ఆ బొమ్మ వేఱు వ్యాఖ్యానము కోరదు.

ఆ దేశపు వంటింటిలోను సున్నపురాయియే కలదు. వారి యన్నము మొక్కజొన్న. గింజలను సున్నపునీటిలో ఉడికించి, రాత్రియంతయు నాననిచ్చి, పొట్టు తొలగించి రుబ్బి రొట్టెలు చేయుదురు. సున్నము చేరుటచే రొట్టె మెత్తనగుటయే కాక, గింజలో దాగియున్న పోషకసారము శరీరమునకు పట్టును. ఈ కిటుకు తెలియక మొక్కజొన్న తినిన యితర దేశములలో పెల్లాగ్రా యను వ్యాధి బయలుదేఱినది. శాస్త్రము పేరు పెట్టుటకు మున్ను వేలయేండ్లనుండి ఈ సత్యమును వంటింటి స్త్రీలు ఆచరించుచుండిరి. రొట్టెలమ్ము ఆ యవ్వ మెడచుట్టు రంగుపూలు కుట్టిన తెల్లని అంగీ తొడిగికొన్నది. దానిని హుయిపిల్ అందురు. మన కుట్టుపని యెఱిగినవారు ఆ పూలను చూచి కన్నులు త్రిప్పుకొనలేరు.

వానదేవత బావి

మాయాజనులకు బావి నీటిచోటు మాత్రమే కాదు. చాక్ అను వానదేవత యిల్లు. వారి ప్రసిద్ధనగరమగు చిచేన్ ఇత్సా పేరునకే ఇత్సావారి నూతిమూతి యని యర్థము. అచ్చట సుమారు 60 మీటర్ల వెడల్పు గల మహాకూపము కలదు. నిత్యపు నీళ్లకు వేఱు బావిని వాడుకొని, దీనిని దేవతకు విడిచిరి. అనావృష్టి కలిగినపుడు పచ్చరాళ్లు, బంగారము, సాంబ్రాణివంటి ధూపద్రవ్యము, కడపట మనుష్యులను సహితము అందు సమర్పించిరి. 1904 మొదలుకొని ఎడ్వర్డ్ థాంప్సన్ అను అమెరికా దేశీయుడు యంత్రముతో అడుగు తోడించి, దొరకిన వస్తువులను హార్వర్డు విశ్వవిద్యాలయపు పీబాడీ ప్రదర్శనశాలకు పంపెను. వానిలో కొన్ని 1970లో మెక్సికోకు తిరిగివచ్చినవి. కన్యలనే బలియిచ్చిరని చాలకాలము కథలు వ్రాసిరి. ఎముకలను పరీక్షింపగా పురుషులవి, స్త్రీలవి, పసిపిల్లలవి అన్నియు తేలినవి. అందమైన కథకంటె సత్యము దుఃఖకరము. ఆ బావిలో ఈదుట నేడు నిషేధము; గట్టుననుండి చూచి రావలెను.

నేటి యాపద

ఇసుకనేలలో ఇంకిన నీరు మెల్లగా వడకట్టబడును. సున్నపురాతి సందులలో నట్లు కాదు. పైన పోసినది యేదైనను త్వరలోనే క్రిందికి చేరును. మఱుగునీరు, పొలపు మందులు, పశువుల మలము, యాత్రికుని లేపనము — అన్నిటికి నొక్కటే దారి. చీకటి సొరంగములవెంట అవి ఊరినుండి ఊరికి, అటుపిమ్మట తీరమునందలి పగడపు దిబ్బలకును పోవును. ఒక బావిని చెఱచినవాడు ఎన్ని బావులను చెఱచెనో అతనికే తెలియదు.

యూకతాన్ రాష్ట్రమున హోమూన్ అను గ్రామము బావులకు ప్రసిద్ధము; యాత్రికులకు బావులు చూపి పలువురు జీవించుచున్నారు. అచ్చట సుమారు 49,000 పందులను పెంచు శాల వెలయగా, గ్రామస్థులు సమ్మతింపరైరి. ఆ గ్రామపు మాయా బాలబాలికల పక్షమున, మా నీరు చెడునని న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 2018లో న్యాయాధిపతి ఆ శాల పనిని నిలిపివేసెను. 2021లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానమును ఆ నిలుపుదలనే సమర్థించెను. పిల్లల పేర బావి గెలిచినది.

మఱియొకటి, 2023 డిసెంబరున తొలిభాగము ప్రారంభమైన మాయా రైలు. కాన్‌కూను తూలూముల నడుమ దాని దారి ఈ గుహల మీదుగనే పోవును. ఇనుప స్తంభములు గుహల కప్పులను చీల్చుకొని నీటిలో దిగియుండుటను గుహాశోధకులు చూచి చిత్రములు తీసి లోకమునకు చూపిరి. రైలువలన దూరపు పల్లెలకు మేలు కలుగునని ప్రభుత్వపక్షము. నీటికి కీడు కలుగునని శోధకుల పక్షము. రైలుదారిని మరల వేయవచ్చును. ఆ గుహను మరల కట్టువారెవరు?

యాత్ర చేయువారికి

పోదలచిన సోదరీమణులకు కొన్ని మాటలు. ఉదయము ద్వారము తెఱచు వేళకే చేరుడు. ప్రొద్దెక్కిన కొలది జనసమ్మర్దము. ఆ దినమున తలకు నూనె రాయకుడు, లేపనములు పూయకుడు. ఎండకు పొడుగుచేతుల యుడుపే మేలు. ఈత వచ్చినను లైఫుజాకెట్టు విడువకుడు. గుహలోపలికి దారి తెలిసిన మనిషి లేక పోవలదు. వెలుగు కనబడు మేరలోనే తిరుగుడు. రాతియూడలను తాకవలదు, చేతిజిడ్డు అంటినచో పొడిచోట పెరుగుచున్న యూడ పెరుగుట యాగును, విఱిగినచో మన యెఱుకలో మరల రాదు. పిల్లలను చేయి విడువకుడు. కాని నీటికి భయపెట్టకుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది: మీ కుమార్తెలకు ఈత నేర్పించుడు. ఈత తెలియని పిల్లకు నీరు వెఱపు. తెలిసిన పిల్లకు నీరు చుట్టము. చుట్టమును ఎవరును మురికి చేయరు.

మన యూళ్లలో ఎన్ని దిగుడుబావులు చెత్తకుండీలై పూడిపోయినవో లెక్కలేదు. సికిందరాబాదులో బన్సీలాల్‌పేట దిగుడుబావి అట్లే చెత్తతో పూడియుండగా, శుభ్రపఱచి 2022 డిసెంబరున మరల తెఱచిరి. నేడు జనులు మెట్లు దిగి నీరు చూచుచున్నారు. చేయదలచిన కానిది లేదని దీనివలన తేలుచున్నది. యూకతాన్ పోలేనివారు తమ వీథినున్న పాతబావి యొద్దకైనను పిల్లలను చేయి పట్టుకొని పోయి, తొంగి చూపి, “మనము త్రాగునది ఇచ్చటిదే” యని చెప్పవలెను. ఆ మాట చిన్ననాడే విన్న చేతులు నూతిలో చెత్త వేయవు.